సెలవు

ఇంటికొచ్చిన బంధువు లేస్తూ "ఇక సెలవు ఇప్పించండి" అంటాడు. బడిలో పంతులుగారు "సెలవు చీటీ ఏదిరా?" అని అడుగుతారు. పాత జమీందారీ కచేరీల్లో గుమాస్తా "తమ సెలవు ఎలా అయితే అలా" అని చేతులు కట్టుకునేవాడు. పిల్లలు దసరా సెలవుల కోసం క్యాలెండరు తిప్పుతారు. పెద్దవాళ్ళు ఉత్తరం చివర "సెలవు" అని రాసి సంతకం పెడతారు. వీడ్కోలు, అనుమతి, ఆజ్ఞ, తీరిక రోజు. ఇన్ని అర్థాలు మూడక్షరాల్లో ఇమిడి ఉన్నా, ఎక్కడ ఏది అన్నదాంట్లో తెలుగువాళ్ళు ఎప్పుడూ తడబడరు.

ఈ మాట మీదికి నా ధ్యాస మళ్ళడానికి కారణం ఒకటుంది. పరాయి దేశం వెళ్ళి బిడ్డను దత్తత తీసుకుని, కాగితాల పని ముగిసేదాకా ఆ ఊళ్ళోనే హోటల్లో ఉండిపోయే కుటుంబాలు ఉంటాయి. ఆ రెండు మూడు వారాలను ఏమనాలి? ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్ళారు కాబట్టి ఇరుగుపొరుగు "సెలవుల్లో ఊరెళ్ళారు" అనేస్తారు. ఆ తల్లిదండ్రులకు ఆ మాట చివుక్కుమనిపిస్తుంది, మేమేం విహారానికి వెళ్ళామా అని. సెలవంటే ఆటవిడుపు ఒక్కటే అయితే వాళ్ళ బాధ న్యాయమే. కానీ మాట మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటే, ఆ రోజులకు ఇంతకంటే సరిపోయే మాట నాకు కనబడలేదు.

సెలవుకు మూలం 'చెల్లు'. సెట్టి, చెట్టి అని రెండు రకాలుగా పలికినట్టే ఇక్కడా చకారం, సకారం తారుమారయ్యాయి. ద్రావిడ భాషల్లో 'చెల్' అంటే పోవడం, సాగడం. తమిళులు వెళ్ళడం అనే అర్థంలో ఆ ధాతువును ఈనాటికీ వాడతారు. మనకు ఆ పనికి 'వెళ్ళు' ఉండడంతో చెల్లు వేరే పనులకు మళ్ళింది. నాణెం చెల్లుతుంది, మాట చెల్లుతుంది, కాలం చెల్లుతుంది. చేతులు మారుతూ సాగిపోయేదే చెల్లే నాణెం. ఎవరి దగ్గరో ఆగిపోతే అది చెల్లని కాసు. బాకీ చెల్లించడమన్నా, మొక్కు చెల్లించడమన్నా మన దగ్గరున్నదాన్ని అది చేరవలసిన చోటికి సాగనంపడమే. 

తమిళంలో 'చెలవు' అంటే ఇప్పుడు ఖర్చు. మలయాళంలోనూ అంతే. మన పాత నిఘంటువుల్లోనూ సెలవుకు వ్యయం అన్న అర్థం కనిపిస్తుంది. తర్వాత ఫారసీ నుంచి వచ్చిన ఖర్చు ఆ చోటు ఆక్రమించింది. ప్రాచీన తమిళంలో మాత్రం చెలవు అంటే ప్రయాణం. తొల్కాప్పియం అనే పాత తమిళ వ్యాకరణం ప్రేమకవితల లక్షణాలు చెబుతూ 'చెలవళుంగల్' అనే ఘట్టాన్ని వివరిస్తుంది. దూరదేశం బయల్దేరిన నాయకుడు ప్రియురాలి ముఖం చూసి అడుగు ముందుకు వేయలేక ఆగుతాడు. ఆ ఆగడం ప్రయాణం మానుకోవడం కాదనీ, వెనక ఉండిపోయే మనిషికి ధైర్యం చెప్పడానికి చేసే జాప్యమనీ ఆ గ్రంథం అంటుంది. అంత పాతకాలపు ఆ వ్యాకర్తకు మనుషుల సంగతి ఎంత బాగా తెలుసో! ఈ చెలవళుంగల్‌ను పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. దీనితో మళ్ళీ పని ఉంది.

పోవడం నుంచి పోవడానికి అనుమతి, ఆ అనుమతి అడిగే మర్యాద నుంచి వీడ్కోలు, అనుమతి ఇచ్చేవాడు పెద్దవాడు కాబట్టి అతని నోటి మాట ఆజ్ఞ. 'సెలవిచ్చారు' అంటే 'చెప్పారు' అని అర్థం వచ్చింది ఈ దారినే. బళ్ళూ కచేరీలూ వచ్చాక, రాకుండా ఉండడానికి ఇచ్చే అనుమతి సెలవయింది. ఆ అనుమతి దొరికిన రోజే సెలవయి కూర్చుంది. ఈ నడక మనకొక్కరికే ప్రత్యేకం కాదు. అరబ్బీలో 'రుఖ్సా' అంటే అనుమతి. అది ఉర్దూలోకి వచ్చి 'రుఖ్సత్' అయ్యాక నౌకరీకి పెట్టే సెలవూ అదే, విడిపోయేటప్పుడు చెప్పే వీడ్కోలూ అదే. పెళ్ళికూతురిని అత్తవారింటికి సాగనంపడాన్ని 'రుఖ్సతీ' అంటారు. హైదరాబాదు పాతబస్తీలో ఆ మాట ఇప్పటికీ ప్రతి పెళ్ళిలోనూ వినిపిస్తుంది. పెంచిన ఇల్లు వదిలి ఇంకో ఇంటికి వెళ్ళే పిల్లకు ఆ మాట వాడడం నాకు చాలా సబబుగా తోస్తుంది.

ఇక మొదట చెప్పిన ఆ హోటల్ రోజులకు, దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ సంగతికి వస్తాను. చైనా దత్తత చట్టం 1992 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అప్పటినుంచి ఆ దేశపు పిల్లలు లక్షా అరవై వేలమందికి పైగా విదేశాల్లోని ఇళ్ళకు చేరారు. అందులో సుమారు 82,000 మంది వెళ్ళింది ఒక్క అమెరికాకే. ఒకే సంతానం విధానం గట్టిగా నడిచిన రోజులవి. అనాథాశ్రమాల్లో ఎక్కువగా ఉండేది ఆడపిల్లలే. 2005లో అమెరికన్లు దత్తత తీసుకున్న చైనా పిల్లలు దాదాపు 7,900 మంది. అంతకుముందుగానీ తర్వాతగానీ ఏ ఏడాదీ అంతమంది వెళ్ళలేదు. ఏ రాష్ట్రంలోని బిడ్డ అయినా సరే, అమెరికా వీసా కోసం రావలసింది గ్వాంగ్‌జౌకే.

ఆ రోజుల్లో పని జరిగే తీరు ఇది. ముందు అనుమతి. తల్లిదండ్రుల దస్త్రం బీజింగ్‌లోని దత్తత వ్యవహారాల కేంద్రానికి చేరుతుంది. ఫలానా బిడ్డ మీకు అని ఫొటో వస్తుంది. ఇక బయల్దేరవచ్చు అని ప్రయాణానుమతి పత్రం వచ్చేదాకా ఆ ఫొటోను ఫ్రిజ్ తలుపు మీద అంటించుకుని చూస్తూ ఉండడమే. 2006 తర్వాత దస్త్రం పంపినవాళ్ళలో చాలామందికి ఆ ఫొటో కోసం ఎదురుచూపే ఐదేళ్ళు దాటింది. పాత అర్థంలో ఆ పత్రమే సెలవు, బయల్దేరడానికి పెద్దలిచ్చే ఆనతి. అది చేతికొచ్చాక తమ పై అధికారికి సెలవు చీటీ రాయాలి. అమెరికాలో 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం కింద అర్హత ఉన్న దత్తత తల్లికీ తండ్రికీ 12 వారాల దాకా సెలవు దొరుకుతుంది. జీతం ఉండదు, ఉద్యోగం మాత్రం పోదు.

వీళ్ళ సెలవుకు తోడు కార్యాలయాల సెలవులు. గ్వాంగ్‌జౌలోని అమెరికా కాన్సులేటు రెండు దేశాల పండుగలకూ మూతపడుతుంది. క్రిస్మస్‌కూ మూతే, చైనా వసంతోత్సవానికీ మూతే. అక్టోబరు మొదటివారం జాతీయ దినోత్సవానికి చైనా కార్యాలయాలు తాళాలు వేస్తాయి. ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ గ్వాంగ్‌జౌలో కాంటన్ వాణిజ్య ప్రదర్శన జరిగేటప్పుడు ఊళ్ళో గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. డిసెంబరు నడిమిలో ప్రయాణానుమతి వచ్చిన కుటుంబం వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటుంది. పండుగకు ముందే ముగించుకుని వచ్చేస్తామా, లేక క్రిస్మస్ నాడు పరాయి ఊరి హోటల్లో, మాట రాని బిడ్డతో ఉంటామా? చాలామంది రెండోదానికే సిద్ధపడి వెళ్ళేవాళ్ళు. ఇంటి దగ్గర మిగతా పిల్లలుంటే వాళ్ళనూ వెంటబెట్టుకుని, మేజోళ్ళూ చిన్న చిన్న కానుకలూ పెట్టెలో సర్దుకుని వెళ్ళేవాళ్ళు.

వ్యయం అన్న అర్థమూ ఈ కథలో ఉంది. అనాథాశ్రమానికి విరాళంగా 3,000 డాలర్లు ఇవ్వాలన్నది చాలా ఏళ్ళు నడిచిన పద్ధతి. మడత పడని కొత్త వంద డాలర్ల నోట్లే కావాలనేవారు. చెల్లే నోటా కాదా అని లెక్కపెట్టేవాళ్ళు వెలుతురుకు ఎత్తి చూస్తుంటే, పక్కనే బిడ్డను ఎత్తుకున్న తల్లి మనసు ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆ డబ్బుతో ఎన్నో ఆశ్రమాలు బాగుపడ్డాయి, నిజమే. 2005లో హునాన్ రాష్ట్రంలో కొన్ని ఆశ్రమాలు దళారుల దగ్గర పసిపిల్లలను కొన్నాయని బయటపడిందీ నిజమే. మరుసటి ఏడాది కోర్టు శిక్షలు వేసింది. బిడ్డ పేరున డబ్బు సాగే దారి ఒకటి ఏర్పడితే ఆ దారిన దొంగలూ నడుస్తారు. ఈ సంగతిని దాచిపెట్టి దత్తత గురించి మంచి మాటలు రాయడం తప్పని నా అభిప్రాయం.

బిడ్డను అప్పగించేది రాష్ట్ర రాజధానిలో, చాంగ్షాలోనో నాన్‌చాంగ్‌లోనో, పౌర వ్యవహారాల కార్యాలయంలో. ఆశ్రమం వ్యాన్‌లో ఆయాలు పిల్లలను తీసుకొస్తారు. చైనా భాషలో వాళ్ళను 'ఆయీ' అంటారు. అసలు అర్థం అమ్మ సోదరి, మన లెక్కలో పిన్ని. పేరు పిలుస్తారు, బిడ్డ చేతులు మారుతుంది. ఒకరోజు గడువిచ్చి మర్నాడు సంతకాలు చేయిస్తారు. ఆ తర్వాత బిడ్డ పాస్‌పోర్టు తయారవడానికి వారం దాకా పడుతుంది. చేసే పనేమీ లేని వారం ఇదే. చూసేవాళ్ళకు విహారంలా కనిపించేదీ ఇదే. గైడు వెంట గుళ్ళూ తోటలూ చూస్తారు, పట్టుబట్టల దుకాణాలకు వెళతారు.

గదిలో జరిగేది వేరు. రెండేళ్ళ పాప బూట్లు విప్పనివ్వదు. స్నానం చేయించబోతే బూట్లు కాళ్ళకు అదిమి పట్టుకుంటుంది. తలుపు పక్కన నిలబడి పిడి వైపు చూస్తూ ఉంటుంది. రాత్రి ఏడ్చి ఏడ్చి అక్కడే చాప మీద నిద్రపోతే ఎత్తి పక్క మీద పడుకోబెడతారు, బూట్లతోనే. ఆ తల్లిదండ్రులు తర్వాత చెప్పుకున్న అనుభవాల్లో ఇలాంటివి ఎన్నో. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఆ ఏడుపు మంచిదే అంటారు. ఎవరి ఒడికో అలవాటు పడ్డ బిడ్డే అలా ఏడుస్తుంది, ఒకసారి అలవాటు పడగలిగిన బిడ్డ మళ్ళీ అలవాటు పడుతుంది అని. నేనూ అది నమ్ముతాను. కానీ ఆ వారం రోజులూ బిడ్డకు విహారం కాదు, కాగితాల పనీ కాదు. ఆ బిడ్డ ప్రయాణంలో ఉంది. చెల్ అన్న ధాతువుకు మొదటి అర్థమేదో ఆ అర్థంలో.

చివరి మజిలీ గ్వాంగ్‌జౌ నడిబొడ్డున ముత్యాల నది ఒడ్డున ఉన్న షామియెన్ ద్వీపం. 19వ శతాబ్దంలో బ్రిటిష్, ఫ్రెంచి వాళ్ళు వ్యాపారానికి పుచ్చుకున్న చిన్న లంక, మర్రి జాతి చెట్లూ పాత కాలపు దొరల భవనాలూ. కాన్సులేటు చాలాకాలం అక్కడే ఉండేది. దాని పక్కనే 1983లో తెరిచిన తెల్లహంస హోటలు. అమెరికన్ కుటుంబాలు దిగేది అందులోనే. వీధిలో ప్రతి దుకాణంలోనూ పసిపిల్లల పట్టు చొక్కాలు, అడుగేస్తే కీచుమనే బూట్లు. నడిపించుకు తిరగడానికి పిల్లల బండ్లు దుకాణాలవాళ్ళే ఊరికే ఇచ్చేవాళ్ళు. ఇంటికెళ్తున్న బార్బీ అని, చైనా పాపను ఎత్తుకున్న తెల్లతల్లి బొమ్మను మ్యాటెల్ కంపెనీ ఆ హోటల్లో దిగినవాళ్ళకు కానుకగా ఇచ్చేది. ఎర్ర సోఫాలో పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి ఫొటో తీయడం అక్కడి ఆచారం. ఒకరు ఏడుస్తారు, ఒకరు పక్కకు ఒరుగుతారు, అందరూ ఒక చూపు చూసిన ఫొటో ఎప్పుడూ రాదు.

ఆ హోటలు లోపల ఒక జలపాతం ఉంది. దాని పేరు 'సొంతూరి నీళ్ళు'. విదేశాల్లో స్థిరపడి ఏళ్ళ తర్వాత తిరిగొచ్చే చైనావాళ్ళ కోసం ఆ పేరు పెట్టారు. సొంతూరు వదిలి వెళ్తున్న పిల్లలు వేలమంది ఆ నీళ్ళ ముందు తప్పటడుగులు వేశారు.

వైద్య పరీక్ష, కాన్సులేటులో తల్లిదండ్రులు కుడిచెయ్యి ఎత్తి చేసే ప్రమాణం, ఆపైన వీసా, అమెరికా అధికారులు తప్ప ఎవరూ విప్పకూడని గోధుమరంగు కాగితాల కవరు. 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, చైనాలోనే దత్తత పూర్తయిన బిడ్డ అమెరికా నేల మీద దిగి తనిఖీ దాటిన క్షణం నుంచే ఆ దేశ పౌరురాలు. కాగితాలన్నీ చెల్లాయి. అధికారులు అందరూ సెలవిచ్చారు. ఒక్క అర్థం మిగిలిపోయింది. బిడ్డ ఎవరి దగ్గర సెలవు పుచ్చుకుంది?

తెలుగులో వీడ్కోలు ఒక మనిషి చేసే పని కాదు. వెళ్ళేవాడు సెలవు అడగాలి, ఉండేవాళ్ళు ఇవ్వాలి, అతను పుచ్చుకోవాలి. ముగ్గురు చేసే పనిలా మూడు క్రియలు దానికి. ఇవ్వకుండా పుచ్చుకోవడం కుదరదు. అందుకే అలిగి వెళ్ళిపోయినవాడి గురించి "సెలవైనా పుచ్చుకోకుండా పోయాడు" అని బాధపడతారు. ఆ చైనా పిల్లల్లో చాలామందికి కన్నవాళ్ళ సెలవు దొరకలేదు. బిడ్డను వదిలివేయడం నేరం కాబట్టి చీకటిలో సంతగుమ్మం దగ్గరో, ఆశ్రమం గేటు దగ్గరో ఉంచి వెళ్ళేవాళ్ళు. కొందరి బట్టల్లో మాత్రం పుట్టిన తేదీ, గడియ రాసిన కాగితం ముక్క దొరికేది. ఆ బిడ్డకు కన్నతల్లి రాసిచ్చిన సెలవు చీటీ అదొక్కటే. దాన్ని దస్త్రంలో భద్రంగా ఉంచిన ఆశ్రమాలు పుణ్యం చేసుకున్నాయి.

రెండో సెలవు ఇవ్వవలసింది పెంచిన పిన్ని. ఆమెకు ఆ ఒక్క బిడ్డే కాదు, ఎందరో. వ్యాన్ కింద ఆగి ఉంటుంది, సంతకాల తొందర. బిడ్డ ఏడుపు ఎక్కువవుతుందని ఆమెను త్వరగా పంపించేస్తారు. తొల్కాప్పియం చెప్పిన జాప్యం ఇక్కడే కావాలి. ఆగి ధైర్యం చెప్పి బయల్దేరడానికి వ్యవధి కావాలి. ఆ వ్యవధి లేని చోట, బిడ్డ హోటలు గది తలుపు దగ్గర బూట్లతో నిలబడి ఆ జాప్యాన్ని తానే చేస్తోందని నాకనిపిస్తుంది.

ఆ పిల్లల్లో పెద్దవాళ్ళు ఇప్పుడు ముప్ఫై దాటారు. కొందరు కాలేజీ సెలవుల్లో తల్లిదండ్రులతో కలిసి తమ ఆశ్రమాలకు వెళ్ళి, తమను ఎత్తుకున్న ఆయాలను వెతికి పట్టుకుని కౌగిలించుకున్నారు. ఇరవై ఏళ్ళు ఆలస్యంగా పుచ్చుకున్న సెలవు అది. తెలుగులో వెళ్ళేటప్పుడు "వెళ్తాను" అనరాదని, "వెళ్ళొస్తాను" అనాలని పెద్దలు దిద్దేది అందుకే కాబోలు.

2020 జనవరిలో కరోనాతో చైనా ఈ ప్రయాణాలన్నీ ఆపేసింది. బిడ్డ ఫొటో చేతికొచ్చి, సంచులు సర్దుకున్న వందలాది కుటుంబాలు అక్కడికక్కడే ఆగిపోయాయి. నాలుగేళ్ళు గడిచాక, 2024 సెప్టెంబరు 5న, దగ్గరి బంధువుల పిల్లలనూ సవతి పిల్లలనూ మినహాయించి విదేశీ దత్తత ఇక లేదని చైనా విదేశాంగ శాఖ ప్రకటించింది. తమ పిల్లలను తామే చూసుకుంటామనడం ఏ దేశానికైనా గౌరవమే, దాన్ని తప్పుపట్టను. కానీ ఫొటోలు మార్చుకున్న పిల్లలకూ పెద్దలకూ పూర్తిచేసే వీలివ్వకుండా తలుపు మూయడం అన్యాయం. 

మన వైపు ఈ దారి ఇంకా నడుస్తోంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడ్డ తెలుగు దంపతులు దత్తత కోసం హైదరాబాదు శిశువిహార్‌కో, మరో జిల్లా శిశుగృహకో వస్తుంటారు. ప్రవాస భారతీయులను మన నిబంధనలు ఇక్కడివాళ్ళతో సమానంగానే చూస్తాయి. ఢిల్లీలోని కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ (కారా) నుంచి నిరభ్యంతర పత్రం రావాలి, 2022 నుంచి కోర్టుకు బదులు కలెక్టరు ఉత్తర్వు ఇవ్వాలి, తర్వాత పాస్‌పోర్టు, వీసా. వీళ్ళకు ఇది పుట్టిన దేశమే, చుట్టాల ఇళ్ళున్నాయి, అయినా ఎదురుచూపు అదే. ఇక్కడ ఉద్యోగం చేసే తల్లులకైతే సెలవు దగ్గరే చిక్కు వచ్చింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి దత్తత తల్లికి 12 వారాల సెలవు రాశారు, బిడ్డకు 3 నెలల లోపు వయసుంటేనే అని షరతు పెట్టారు. వదిలేసిన పసిబిడ్డను దత్తతకు ఇవ్వవచ్చని ప్రకటించడానికే చట్టంలో రెండు నెలల గడువుంది. ఆ తర్వాత జత కుదిరి, కాగితాలు కదిలి, తల్లి ఒడికి చేరేసరికి మూడు నెలలు దాటకుండా ఉంటుందా? తలుపు దగ్గర బూట్లతో నిలబడే రెండేళ్ళ బిడ్డకు తల్లి అవసరం నెలల బిడ్డ కంటే తక్కువా? ఇలాంటి షరతు రాసినవాళ్ళు చట్టంలో సెలవు అని రాశారే గానీ ఆ మాటను చదవలేదు.

దత్తతకు బయల్దేరుతున్న తెలుగు దంపతులను ఒకటి కోరుతున్నాను. శిశుగృహలో మీ బిడ్డను ఎత్తుకు తిరిగిన ఆయమ్మ ఎవరో కనుక్కోండి. ఆమె ఏ పేరుతో పిలిచేదో, ఏం పాడి నిద్రపుచ్చేదో, పాలు ఎంత వేడిగా పట్టేదో అడిగి రాసుకోండి. బిడ్డ ఒంటి మీదున్న చొక్కాను ఉతకకుండా కొన్నాళ్ళు పక్కలో ఉంచండి. ఆమెతో బిడ్డకు ఫొటో తీయించండి. పద్దెనిమిదేళ్ళు వచ్చాక తన మూలాలు వెతుక్కునే హక్కు మన నిబంధనల్లోనే ఉంది, ఆ రోజున ఇవన్నీ అక్కరకొస్తాయి. కారు వచ్చి ఆగినా తొందరపడకండి. బిడ్డను చంకనెత్తుకుని వెళ్ళి, ఆ ఆయమ్మను "సెలవు ఇప్పించండమ్మా" అని అడగండి. ఆమె ఇచ్చాకే బయల్దేరండి.